నిర్ణయం చేతికొచ్చినా డబ్బు రాని తగవు

మా బావమరిది పాలకొండ దగ్గర ఒక రోడ్డు పనిలో మూడు బాక్సు కల్వర్టులు, ఒక రిటైనింగ్ గోడ సబ్ కాంట్రాక్టుకు తీసుకుని కట్టాడు. నేల మెత్తగా ఉండి పునాదులు అనుకున్న లోతు కంటే కిందికి తవ్వవలసి వచ్చింది. ఆ అదనపు పనికి ప్రధాన కాంట్రాక్టరు బిల్లు ఒప్పుకోకపోవడంతో, ఒప్పందంలోని క్లాజు ప్రకారం తగవు అడ్జుడికేటర్, అంటే ఇలాంటి తగవులను త్వరగా తేల్చే నిర్ణేత, దగ్గరకు వెళ్లింది. ఆయన విశ్రాంత ఇంజనీరు. ఎం-బుక్కులో, అంటే పని కొలతల పుస్తకంలో, రాసిన కొలతలను, తవ్వినప్పుడు తీసిన లెవెల్సును పేజీ పేజీకీ సరిచూసి, 28 రోజుల గడువులోనే 18 లక్షల 40 వేల రూపాయలు చెల్లించాలని నిర్ణయం రాసి ఇచ్చారు. మా చెల్లెలు, అంటే బావమరిది భార్య, ఆ కాగితాలను దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకుంది. మొదటి పేజీ మూలన ఆనాటి పసుపు మరక ఇప్పటికీ ఉంది.

అవతలివాళ్లు గడువులోగా 'మేం ఒప్పుకోవడం లేదు' అని ఒక నోటీసు పంపి ఊరుకున్నారు. డబ్బు ఇవ్వలేదు. రాజాంలో ఇనుము అరువిచ్చిన కొట్టులో మాత్రం వడ్డీ పెరుగుతూనే ఉంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎం-బుక్కులు రాసినవాణ్ణి కాబట్టి, ఈ నిర్ణయాన్ని అమలు చేయించే దారి ఏమిటో తెలుసుకోవాలని కూర్చున్నాను. బ్రిటన్‌లో దీనికి 1996లోనే చట్టం చేశారు, 1998 మే 1 నుంచి అది అమలులో ఉంది. నిర్మాణ ఒప్పందాల్లో ఏ పక్షమైనా ఎప్పుడైనా అడ్జుడికేటర్‌ను ఆశ్రయించవచ్చు. ఆయన మామూలుగా 28 రోజుల్లో తేల్చాలి. ఆ నిర్ణయం మీద తరువాత కోర్టులోనో, ఆర్బిట్రేషన్‌లోనో (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) వాదించుకోవచ్చు గాని, ముందు డబ్బు కట్టాల్సిందే. 1999లో మేకాబ్ కేసులో జస్టిస్ డైసన్ ఈ సంగతే తేల్చి చెప్పారు: నిర్ణయం చెల్లదని ఎదుటిపక్షం అంటున్నా, ఆ అభ్యంతరం తేలే వరకు దానికి కట్టుబడవలసిందే. అధికార పరిధి లేకపోవడం, సహజ న్యాయానికి తీవ్రమైన భంగం కలగడం వంటి కొద్ది కారణాలకే అక్కడి కోర్టు అమలును నిరాకరిస్తుంది.

తప్పు నిర్ణయమైతే ఏమిటన్నది మన ఇంజనీర్లు తప్పక అడిగే ప్రశ్న. 2000లో బూయిగ్ కేసులో అడ్జుడికేటర్ లెక్కలో పొరపాటు చేశారు. అప్పటికి ఇంకా చెల్లించవలసిన గడువు రాని రిటెన్షన్ సొమ్మును, అంటే మన బిల్లుల్లో విత్‌హెల్డ్ పేరుతో కొంతకాలం పట్టి ఉంచే డబ్బు వంటిదాన్ని, లెక్కలో కలిపేశారు. అయినా, అడగవలసిన ప్రశ్నకే ఆయన జవాబిచ్చారు గనుక ఆ జవాబు తప్పయినా కట్టుబడాలని అప్పీలు కోర్టు చెప్పింది. డబ్బు అందుకోవలసిన కంపెనీ దివాలా తీసి లిక్విడేషన్‌లో ఉన్నందువల్ల మాత్రమే చెల్లింపును నిలిపింది. ఈ వైఖరి నాకు కఠినంగా తోచలేదు. తప్పును తరువాత సరిదిద్దుకోవచ్చు, కాని కూలి అందని మేస్త్రీ బ్రిడ్జి పనులకు చెన్నైకో హైదరాబాదుకో వలస వెళ్లిపోతే అతన్ని మళ్లీ రప్పించలేం.

చట్టం అండ లేక ఒప్పందం మీదే ఆధారపడితే ఎంత ఆలస్యమవుతుందో ఇండోనేషియా గ్యాసు పైపులైను తగవు చూపిస్తుంది. వివాద పరిష్కార బోర్డు 2008లో సుమారు 1 కోటి 73 లక్షల డాలర్లు చెల్లించాలని నిర్ణయించింది. దానిని వెంటనే అమలు చేయించవచ్చని సింగపూర్ అప్పీలు కోర్టు తేల్చేసరికి 2015 వచ్చింది.

మన దేశంలో నిర్మాణ చెల్లింపుల అడ్జుడికేషన్‌కు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. అడ్జుడికేటర్ నిర్ణయం ఆర్బిట్రేషన్ అవార్డు (ఆర్బిట్రేటర్ ఇచ్చే తీర్పు) కాదు కనుక, 1996 ఆర్బిట్రేషన్ చట్టం 36వ సెక్షన్ కింద డిక్రీలాగా అమలు చేయించలేం. విశాఖలోని వకీలు మాతో చెప్పింది కూడా ఇదే: నిర్ణయాన్ని పాటించకపోవడాన్నే ఒప్పంద ఉల్లంఘనగా చూపించి ఆర్బిట్రేషన్‌కు వెళ్లి, మధ్యంతర అవార్డు అడగాలి. 45 రోజుల్లో చెల్లించాలనే సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ఉంది గాని, వర్క్స్ కాంట్రాక్టులకు, అంటే సామాను, కూలి కలిపి చేసే ఇలాంటి పనులకు, అది వర్తించదని కొన్ని హైకోర్టులు తీర్పులిచ్చాయి. కేంద్ర శాఖలు అవార్డును సవాలు చేసినప్పుడు బ్యాంకు గ్యారంటీ మీద 75 శాతం చెల్లించాలన్న నిబంధన ఉన్నా, అది అవార్డులకే. పైగా పూచీ లేనిదే ఏ బ్యాంకు మేనేజరూ గ్యారంటీ ఇవ్వడు.

కాబట్టి సంతకానికి ముందే జాగ్రత్తపడాలన్నది నా అభిప్రాయం. నన్ను అడిగినవాళ్లకు మూడు వాక్యాలు చేర్చమంటున్నాను. నిర్ణయమైన సొమ్ము, ఒప్పుకోవడం లేదని నోటీసు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఫలానా తేదీలోగా చెల్లించాలి. చెల్లించకపోతే అసలు తగవు జోలికి పోకుండా ఆ ఒక్క అంశం మీదే నేరుగా ఆర్బిట్రేటర్ దగ్గరకు వెళ్లవచ్చు. ఆలస్యమైన ప్రతి నెలకూ వడ్డీ ఇవ్వాలి.

బావమరిది మొన్న చీపురుపల్లి వైపు ఒక డ్రైనేజీ పని ఒప్పుకున్నప్పుడు ఈ మూడింటినీ కాగితం మీద రాసి తీసుకెళ్లాడు. ప్రధాన కాంట్రాక్టరు వడ్డీ వాక్యాన్ని కొట్టేసి, మిగతా రెండింటి పక్కన సంతకం పెట్టాడు. పాలకొండ సొమ్ముకు ఆర్బిట్రేషన్ నోటీసు పంపాం, ఇంకా జవాబు రాలేదు.