అడుగు లోతు షీటు వేసినా ఆగని తుంగ

షీటు కింది నుంచి తుంగ కలుపు దాటింది! హన్మకొండలో మా ఇంటి ఉత్తరం గోడ పక్కన 12 అంగుళాల కాలువ తవ్వి, 250 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు నిలువుగా దించి పూడ్చాం. ఇక పక్క ఖాళీ ప్లాటు నుంచి వచ్చే తుంగ పీడ వదిలిందనుకున్నాం. మృగశిరలో నాలుగు చినుకులు పడ్డాయో లేదో, బెండ మడిలో కొనదేలిన మొలకలు లేచాయి. అవీ షీటుకు ఇవతల, జానెడు దూరంలోనే.

కడుపు మండి ఆ మూలంతా తవ్వి చూశాను. మొలకను పట్టి లాగితే ఆకులే చేతికొస్తాయి, గడ్డ లోపలే ఉంటుంది. అందుకే పక్క నుంచి గడ్డపారతో తెరిచి, మట్టిని చేత్తో రాలుస్తూ పోయాను. 2 అంగుళాల దగ్గర చిన్న ఉబ్బు, అక్కడి నుంచి సన్నని వేరు, 5 అంగుళాల దగ్గర శనగగింజంత నల్ల గడ్డ, మళ్లీ వేరు, మళ్లీ గడ్డ. ఎక్కువ గడ్డలు 8 అంగుళాల లోపే ఉన్నాయి. ఒక్క గొలుసు మాత్రం షీటు వెంబడే దిగి, 13 అంగుళాల దగ్గర అంచు కింద ఒంగి ఇవతలికి లేచింది. దాని గడ్డను గోటితో చీలిస్తే లోపల తెల్లగా ఉంది, వాసన ఘాటుగా కొట్టింది.

మా దగ్గర పైన ఎర్ర చెల్క, అడుగు దిగితే మొరం. గట్టి మొరంలోకి మామూలుగా అయితే ఆ వేరు అంత తేలిగ్గా దిగదు. కాలువ తవ్వి పూడ్చిన చోట మట్టి గుల్లబారింది, వాన నీళ్లు కూడా షీటు వెంటే కిందికి జారుతున్నాయి. దానికి దారి దొరికింది అక్కడేనని నా అనుమానం. అయితే కొన్ని మొలకలకు గోడ వైపు గొలుసే లేదు, వేరు చివర తెగి గోధుమ రంగుకు తిరిగింది. గొలుసు తెగనంత కాలం చాలా గడ్డలు నిద్రలోనే ఉంటాయి, తెగితే మేలుకుంటాయి. కాలువ తవ్వినప్పుడు తెగినవే ఇవి అయ్యుండాలి. పెంట ఎరువుతో వచ్చిందేమో అని కూడా ఆలోచించాను కానీ అదే ఎరువు వేసిన టమాట, పుంటికూర మళ్లలో ఒక్క తుంగ పోచ లేదు.

మడి మీద పరిచే నల్ల మల్చింగ్ షీటు గురించి ఎవరైనా చెబితే నమ్మకండి, తుంగకు అది అడ్డే కాదు. 30 మైక్రాన్ల షీటును పొడుచుకుని పైకొచ్చింది. ఖుర్పీ కూడా గొలుసులను కోసేస్తుంది, ఫాల్కన్ హ్యాండ్ ఫోర్క్ అయితే గడ్డతో సహా లేపుతుంది. పురుగుమందుల షాపులో సెంప్రా అనే కలుపు మందు కొట్టమన్నారు. చెరకులో, మక్కలో తుంగకు అది మంచి మందే, కానీ బెండ, టమాటల పక్కన కొట్టే ధైర్యం నాకు లేదు. ఉప్పు నీళ్లయితే మట్టినే చంపుతాయి.

వయ్యారిభామ మాత్రం ఈసారి లోపలికి రాలేదు, పూతకు ముందే గ్లౌజులు వేసుకుని గోడ అవతలే పీకేశాం. గునుగు జోలికి పోలేదు. "అది పీకకు బిడ్డా, బతుకమ్మకు కావాలె" అంది అమ్మ.

ఇప్పటికైతే ఆ మడిలో బొబ్బర్లు ఒత్తుగా చల్లుతున్నాను, తుంగకు నీడ పడదు. ఎండాకాలంలో మట్టి తిరగేసి, గడ్డలన్నీ ఏరి బండల మీద ఎండబెట్టాలి. కొత్త షీటు 18 అంగుళాలు దించి, అడుగు అంచును ప్లాటు వైపు మడిచి, పైన మొరం పోసి దిమ్మిసతో గట్టిగా కొట్టాలనుకుంటున్నాను. ఆ లోపు ఖాళీ పెయింట్ బకెట్లలో 4, 8, 12 అంగుళాల లోతున గడ్డలు పాతి, ఏ లోతు నుంచి పైకొస్తాయో చూస్తాను. 12 నుంచి కూడా లేస్తే 18 చాలదు, రెండడుగులు తవ్వాల్సిందే.