ముప్పై ఏళ్ల కరెంటు బిల్లుతో కలిపి ఒక పైపు ఖరీదు

హన్మకొండలో మాది చిన్న కన్సల్టెన్సీ ఆఫీసు. రోడ్లు, డ్రైన్లు, మంచినీళ్ల పథకాలకు డిజైన్లు, ఎస్టిమేట్లు వేసిస్తాం. ఎస్టిమేట్ మాకు చెయ్యి తిరిగిన పనే. క్వాంటిటీలు తీసి, ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) రేట్లతో గుణించి, జీఎస్టీ, లేబర్ సెస్ కలిపి, మొత్తాల సారాంశం, అంటే అబ్‌స్ట్రాక్ట్, పైన పెట్టి పంపేస్తాం. ఆ తర్వాత ఆ కట్టడం ఎలా బతికింది, దానికి ఎవరు ఎంత ఖర్చు పెట్టారు అన్నది మా ఫైలులో ఉండదు.

ఒక పనికి మాత్రం అదనంగా ఇంకో షీటు అడిగారు. వరంగల్‌కు కొంత దూరంలో, ప్లాట్లు పడి పెరుగుతున్న ఒక ఊరు. కింద సంపు, గుట్ట మీద ట్యాంకు, మధ్యలో 3 కిలోమీటర్ల పైపులైను. సెకనుకు 20 లీటర్ల నీళ్లు ఎక్కాలి, ఎత్తు తేడా 30 మీటర్లు. కట్టే ఖర్చుతో పాటు 30 ఏళ్లు నడిపే ఖర్చు కూడా లెక్కగట్టి, 150 మిల్లీమీటర్ల పైపు మేలా, 200 మేలా తేల్చమన్నారు. ఆ షీటు నా మీద పడింది.

మా సీనియర్ సార్ మొదట చెప్పింది వయసులు రాసుకోమని. కేంద్రంలో తాగునీటి ఇంజనీరింగ్ చూసే సంస్థ సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్‌లో డిజైన్ కాలాలు ఉన్నాయి. పైపులైనుకు 30 ఏళ్లు, పంపుహౌసు కట్టడానికి 30, మోటర్లకూ పంపులకూ 15. అంటే పైపు ఒకసారి, మోటరు రెండుసార్లు. ఇంతవరకు టేబుల్ చూసి రాసేయవచ్చు. రిపేర్ల గడి దగ్గరికి వచ్చేసరికి టేబుల్ లేదు. చాలామంది అక్కడ కట్టే ఖర్చులో ఇంత శాతం అని వేసి ముందుకు పోతారు. నాకు అది నచ్చలేదు. అదే ఊళ్లో పాత పంపుహౌసు ఒకటి నడుస్తోంది, ముందు అక్కడికి వెళ్లాను.

ఆపరేటర్ వయసులో పెద్దాయన. మోటరుకు పదిహేనేళ్లు అంటే నవ్వాడు. ‘పేరు ప్లేటు అదే ఉంటది సార్. లోపల రాగి తీగె ఎన్నిసార్లు మారిందో ఎవలకెరుక? ఎండకాలం ఓల్టేజీ పడ్తది. ఆపుదామంటె ఊరికి నీళ్లియ్యాలె. ఆపకుంటె కాలుతది.’ ఆయన దగ్గర లాగ్‌బుక్ ఉంది. ఎన్ని గంటలకు స్టార్ట్ చేశాడు, ఎన్నింటికి బంద్ చేశాడు, కరెంటు ఎప్పుడు పోయింది అన్నీ పెన్సిల్‌తో రాసి పెట్టాడు. మొత్తం పనిలో నాకు దొరికిన అత్యంత విలువైన కాగితం అదే.

మోటర్లు చుట్టే షాపుకు కూడా వెళ్లాను. ఎస్టిమేట్లు వేసేవాళ్లు అటువైపు పోరు గానీ, ఒక మోటరు జీవితచరిత్ర తెలిసేది అక్కడే. షాపాయన నిర్మొహమాటంగా చెప్పాడు. ‘తక్కువ పైసలల్ల చెయ్యమంటరు తమ్మీ. సన్న తీగె వెయ్యాలె. మోటరు తిరుగుతది, కాకపోతే కరెంటు ఎక్కువ గుంజుతది.’ అంటే రివైండింగ్ ఖర్చు రివైండింగ్ గడిలోనే ఆగదు, కరెంటు గడిలోకి కూడా పాకుతుంది.

కరెంటు బిల్లులు చూస్తే ఇంకో చిక్కు. నాకిచ్చిన కాగితాల్లో వీధిలైట్లు, బోర్లు, పంపుహౌసు అన్నీ కలిపి ఒకే మొత్తం ఉంది. ఈ పంపు ఎంత తాగుతోందో విడిగా తేలదు. అందుకే క్లాంప్ మీటర్ పట్టుకుపోయి ఆంపియర్లు చూశాం, ప్రెషర్ గేజీ రీడింగ్ తీసుకున్నాం, ట్యాంకులో నీటి మట్టం ఒక అడుగు పెరగడానికి ఎంతసేపు పట్టిందో చూసి నీటి పరిమాణం కట్టాం. తీసుకున్న కరెంటులో సగం కూడా నీళ్లను ఎత్తే పనికి రావడం లేదని తేలింది. కొత్త పంపుకు, మోటరుకు కలిపి 60 శాతం సామర్థ్యం వేసుకోవచ్చు. కానీ 30 ఏళ్లూ అదే 60 ఉంటుందని రాయడానికి చెయ్యి రాలేదు.

ఇక అసలు లెక్క. పైపులో నీళ్లు రాసుకుంటూ పోతాయి కాబట్టి 30 మీటర్ల ఎత్తుకు రాపిడి నష్టం కూడా కలపాలి. హేజెన్-విలియమ్స్ సూత్రంతో, లోపల సిమెంటు పూత ఉన్న డీఐ (డక్టైల్ ఐరన్) పైపుకు, దాని నునుపును చెప్పే గుణకం 140 వేస్తే, 150 పైపులో ఆ నష్టం దాదాపు 25 మీటర్లు, 200 పైపులో 6 మీటర్లు. వ్యాసం మూడోవంతు పెరిగితే నష్టం నాలుగోవంతుకు పడిపోయింది. మొదటిదానికి పంపు 18 కిలోవాట్లు లాగుతుంది, రెండోదానికి 12 చాలు. రోజుకు 10 గంటలు నడిస్తే ఏడాదికి తేడా సుమారు 22,700 యూనిట్లు. యూనిట్‌కు 7 రూపాయలు అనుకుంటే 1.6 లక్షలు. పెద్ద పైపుకు మా ఎస్టిమేట్‌లో మీటరుకు 650 రూపాయలు ఎక్కువ, మొత్తం 19.5 లక్షలు. తమాషా ఏమిటంటే, లైను 3 కిలోమీటర్లు కాకుండా 1 కిలోమీటరే అయినా ఈ పోలిక మారదు. రాపిడి, పైపు ఖర్చు రెండూ పొడవుతో పాటే పెరుగుతాయి.

ఇప్పుడు 19.5 లక్షలు ఒకేసారి పెట్టడం మేలా, ఏడాదికి 1.6 లక్షల చొప్పున 30 ఏళ్లు కట్టడం మేలా? ఉత్తగా గుణిస్తే 48 లక్షలు కాబట్టి పెద్ద పైపే అనిపిస్తుంది. కానీ ఇరవై ఏళ్ల తర్వాత కట్టే లక్ష ఈనాటి లక్షతో సమానం కాదు, దాన్ని నేటి విలువకు తగ్గించుకోవాలి. ఎంత రేటుతో తగ్గించాలన్న దగ్గర మా ఆఫీసులో గట్టి వాదనే జరిగింది.

సార్‌కు 10 శాతం అలవాటు. 10 వేస్తే ఆ 30 ఏళ్ల ఆదా నేటి విలువ 15 లక్షలు. చిన్న పైపు గెలుస్తుంది. నేను 6 వేసి చూశాను. దాదాపు 22 లక్షలు. పెద్ద పైపు గెలుస్తుంది. ఒక్క గడిలో అంకె మారిస్తే భూమిలో వేసే పైపే మారిపోతోంది. నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. నాకు నచ్చిన జవాబు వచ్చే రేటు వేశానని ఎవరైనా అంటే ఏం చెప్పాలి?

దారి దొరికింది ధరల వైపు నుంచి చూసినప్పుడు. నేను కరెంటు రేటును 30 ఏళ్లూ 7 రూపాయలుగానే ఉంచాను, అంటే లెక్క మొత్తం ఈనాటి ధరల్లో ఉంది. సార్ వేసే 10 శాతం బ్యాంకు వడ్డీలాంటిది, అందులో మాత్రం ధరల పెరుగుదల కూడా కలిసి ఉంటుంది. ఒకవైపు ధరలు పెరగవని, ఇంకోవైపు పెరుగుతాయని ఒకే షీటులో అనలేం. 2016లో కేంద్ర ప్రభుత్వం ఆర్‌బీఐకి పెట్టిన ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం. 1.10ని 1.04తో భాగిస్తే నికరంగా 5.8 శాతం వస్తుంది. లేదంటే 10 శాతమే ఉంచి, కరెంటు రేటును, రిపేర్లను ఏటా పెంచుకుంటూ పోవాలి. ఈ రెండింటిలో ఏది చేసినా ఒప్పే, కలిపి కొడితేనే తప్పు. సార్ కాసేపు కాగితం మీద కొట్టి చూసుకుని, ‘సరే, ఆరుతో పో. పదితో కూడా ఒక కాలమ్ పెట్టు, అడుగుతారు’ అన్నారు.

అక్కడితో పెద్ద పైపు గెలిచిందనుకున్నాను గానీ పెన్సిల్ లాగ్‌బుక్ అడ్డం వచ్చింది. 10 గంటల పంపింగ్ ఊరు పూర్తిగా నిండాక ఉండే మాట. ఇప్పటికి సగం ప్లాట్లలో ఇళ్లే లేవు. అందుకే మొదటి పదేళ్లు 6 గంటలు, తర్వాత 10 గంటలు అని మార్చాను. ఆదా 17 లక్షలకు పడిపోయింది. చిన్న పైపుకు కావలసిన పెద్ద మోటరు, స్టార్టరు, కేబుళ్ల తేడాను ఇప్పుడొకసారి, పదిహేనో ఏట ఇంకోసారి కలిపితే 19 దగ్గరికి వచ్చింది. అటు 19.5, ఇటు 19. ఇన్ని ఊహల మీద నిలబడ్డ లెక్కలో అరలక్ష తేడా తేడానే కాదు. రిపోర్టులో అలాగే రాశాను, డబ్బు పరంగా రెండూ సమానమని. సామర్థ్యం 50కి పడిపోతే, కరెంటు రేటు పెరిగితే, గంటలు తగ్గితే ఏమవుతుందో పక్కన పెట్టాను. అన్నింటికన్నా బలమైన అంకె గంటలదే, కానీ దాని గురించి ఎవరూ అడగరు.

సమానం అన్నాక మిగతా విషయాలు చూడాలి. ఊరు ఇంకా పెరిగి సెకనుకు 30 లీటర్లు కావలసి వస్తే 200 పైపు మోయగలదు, 150 పైపు పక్కన ఇంకో లైను తవ్వాల్సి వస్తుంది. ఓల్టేజీ పడే ఊళ్లో మోటరు చిన్నదైతే నష్టమూ చిన్నది.

మీటింగులో ఈ నేటి విలువలు, శాతాలు పెద్దగా ఎవరినీ కదిలించలేదు. పంచాయతీ కార్యదర్శి మాత్రం రెండే అంకెలు పట్టుకున్నారు. ‘పైపు గ్రాంటుల వేస్తరు. బిల్లు ఇంటిపన్నుల నుంచి మేం కట్టాలె. పన్నెండు కిలోవాట్లదే పెట్టుండ్రి సార్.’ నా షీటులో రెండు ఖర్చులూ ఒకే కాలమ్ కింద కలిసిపోయాయి. ఆమెకు అవి రెండు వేర్వేరు జేబులు. బర్రెను ఒకరు కొనిచ్చి గడ్డి ఇంకొకరిని వేయమంటే, గడ్డి వేసేవాళ్లు బర్రె ధర అడగరు. ఆ సాయంత్రమే షీటులో ‘ఎవరు చెల్లిస్తారు’ అని ఒక కాలమ్ చేర్చాను.

మన వైపు ఈ లెక్క కొత్తదేమీ కాదు. పాఖాల, రామప్ప చెరువులు పదమూడో శతాబ్దంలో కట్టారు. తూములు చూసుకోవడానికి ఊరూరా నీరటి ఉండేవాడు, ఆయకట్టు రైతులు ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్లు. నిర్వహణ ఖర్చు ఎవరి చేతి నుంచి వస్తుందో అందరికీ తెలుసు. ఆ ఏర్పాటు చెదిరాక చెరువులు పూడిపోయాయి. 2015లో మిషన్ కాకతీయ పేరుతో ప్రభుత్వం మళ్లీ పూడిక తీయించాల్సి వచ్చింది.

చివరికి 200 పైపే ఖరారైంది. ఏటా రిపేర్ల కోసం విడిగా డబ్బు దాచాలని నేను రాసిన పేరాను తీసేశారు. దానికి బదులు గ్రామీణ సడక్ యోజన రోడ్లకు ఉన్నట్టు ఐదేళ్ల నిర్వహణను కాంట్రాక్టులోనే కలపడానికి ఒప్పుకున్నారు. టెండరులో ఎల్1, అంటే అతి తక్కువ ధర వేసింది ఎవరో తేల్చడానికి కూడా కట్టే ధర, నిర్వహణ ధర రెండింటి నేటి విలువా కలిపి చూస్తారు.

ఇలాంటి టెండరు వేసేవాళ్లు ఒకటి గమనించాలి. నిర్వహణకు నామమాత్రం రేటు కోట్ చేసి, లాభమంతా పైపుల రేటులో పెట్టుకునే బిడ్డర్లు ఉంటారు. పైపుల బిల్లు ముందే వచ్చేస్తుంది, మూడో ఏట మోటరు కాలితే ఫోన్ ఎత్తరు. అందుకే నిర్మాణ బిల్లులో కొంత భాగం పట్టి ఉంచి, ఏటేటా పంపు సామర్థ్యం కొలిచాకే విడుదల చేయాలని షరతు పెట్టించాం. కొలిచే పద్ధతి కూడా అందులోనే రాశాం: క్లాంప్ మీటర్, ప్రెషర్ గేజీ, ట్యాంకు నిండే సమయం. లాగ్‌బుక్ మాత్రం పాత ఆపరేటర్ దగ్గరే ఉండాలని కార్యదర్శి పట్టుబట్టారు.