సీసాలో నీళ్ళు ఎవరివి

మొన్న ల్యాబ్‌కి ఒక జూనియర్ అమ్మాయి వచ్చి "అక్కా, మీ పాత డేటా ఒక్కసారి ఇస్తారా, ఎవరికీ చూపించను, ఒట్టు" అంది. డేటా అడగడం వరకూ బానే ఉంది, ఆ ఒట్టు మాత్రం నాకు గుచ్చుకుంది. రీసెర్చ్ చెయ్యడానికి వచ్చిన పిల్ల, దాచిపెడతానని మాటిస్తే తప్ప ఇవ్వరేమో అనుకుంటోందంటే ఆ భయం మేమే నేర్పాం కదా.

నేనూ అలాగే మొదలయ్యాను. విశాఖ తీరంలో నీళ్ళ మీద పని నాది, ఉప్పు ఎంత, ఆక్సిజన్ ఎంత, అలాంటివి. అంతకుముందు ఇదే తీరం మీద పని చేసిన ఒక సీనియర్ థీసిస్, మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధగంగ వెబ్‌సైట్‌లో దొరికింది. యూజీసీ 2009లో రూల్ పెట్టింది కాబట్టి పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ ఎవరైనా చదువుకోవచ్చు, అది నిజంగా గొప్ప పని. కానీ అందులో ఉన్నవి గ్రాఫులు, అంకెలు లేవు. అంకెల కోసం అడిగితే ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడుందో చూస్తాను అన్నారు, తర్వాత చూద్దాంలే అన్నారు, ఆఖరికి నేను ప్రింట్ తీసుకుని స్కేలు పెట్టి ఒక్కో చుక్కనీ కొలుచుకున్నాను, రెండు నెలలు పట్టింది. ఆయన చెడ్డవారని కాదు. ఇచ్చేస్తే మన పేపర్ ఇంకెవరో వేసేస్తారన్న భయం అందరికీ ఉంటుంది. మా దగ్గర ఎవరి పని చూసినా పేపర్లు ఎన్ని అని లెక్కపెడతారు గానీ నీ డేటా ఇంకెంతమందికి పనికొచ్చింది అని అడిగినవాళ్ళని నేను చూడలేదు, మరి భయం ఎలా పోతుంది?

అదే టైంలో ఆర్గో ఫ్లోట్ల డేటా, అంటే సముద్రంలో వాటంతటవే మునిగి తేలుతూ కొలిచే పరికరాల డేటా, నా ల్యాప్‌టాప్‌లోకి ఫ్రీగా వచ్చేది. ప్రపంచ సముద్రాల్లో అలాంటివి దాదాపు 4,000 తేలుతున్నాయి, మన బంగాళాఖాతంలోనూ ఉన్నాయి, 2,000 మీటర్ల లోతు దాకా దిగి పది రోజులకోసారి పైకొచ్చి ఉష్ణోగ్రత, ఉప్పు వివరాలు శాటిలైట్‌కి పంపుతాయి, మన దేశం తరఫున హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం చూసుకుంటుంది. అంత లోతు నుంచి వచ్చిన అంకె సాధారణంగా ఒక్కరోజులో అందరి చేతికీ అందుతోంది, పక్క గదిలో బీరువాలో ఉన్న అంకె మాత్రం నాకు అందలేదు.

2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, అంటే జర్నళ్ళకి కేంద్ర ప్రభుత్వమే చందా కట్టే పథకం, మూడేళ్ళకి 6,000 కోట్లు, దాదాపు 13,000 జర్నళ్ళు, ప్రభుత్వ కాలేజీల పిల్లలకి పెద్ద ఊరట. నేను సంతోషపడ్డాను. అయితే అది వేరేవాళ్ళు రాసింది మనం చదవడానికి. మనం కొలిచింది పదిమందికీ ఇవ్వాలంటే ఆ అలవాటు మన ల్యాబుల్లోనే రావాలి, సర్క్యులర్‌తో రాదు.

అందుకే నా ఫైల్ మొత్తం జెనోడోలో, అంటే రీసెర్చ్ డేటా పెట్టుకునే ఒక వెబ్‌సైట్‌లో, పెట్టేశాను. ఫ్రీగానే పెట్టుకోవచ్చు, డీఓఐ అని ఆ ఫైల్‌కే చెందిన ఒక శాశ్వత నంబర్ ఇస్తారు కాబట్టి అది ఎవరి పనో తేదీతో సహా ఉంటుంది, పేపర్ అయ్యేదాకా ఆగాలంటే అప్పటివరకూ లాక్ కూడా చేసుకోవచ్చు. పెట్టిన కొన్నాళ్ళకి వేరే ఊరి స్కాలర్ ఒకరు మెయిల్ రాశారు, మీ ఆక్సిజన్ కాలమ్‌లో ఒక నెల విలువలు మరీ తక్కువగా ఉన్నాయి, యూనిట్ చూసుకోండి అని. చూస్తే లీటరుకి మిల్లీగ్రాములు అని రాసిన చోట ఆ నెల మిల్లీలీటర్లలో ఎక్కించేశాను, 1.43తో గుణించాల్సింది. నేనూ చూశాను, మా గైడ్ గారూ చూశారు, ఇద్దరికీ కనపడలేదు. బీరువాలోనే ఉండుంటే ఆ తప్పు అలాగే థీసిస్‌లోకి ఎక్కిపోయేది.

ఇంకోటి చెప్పాలి. ఫిషింగ్ హార్బర్‌లో శాంపిల్ తీస్తుంటే ఒక బోటాయన రోజూ చూసేవాడు, ఒకరోజు అడిగేశాడు, "ఏటమ్మా, మా నీళ్ళు రోజూ సీసాలకి అట్టుకెళ్ళిపోతన్నావు, అందులో ఏటున్నాదో మాకు సెప్పవా?" నాకు సిగ్గేసింది, ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నే నాకు తట్టలేదు. సీసా ఆయన ముందే పెట్టి మాంగనీస్ సల్ఫేట్ వేశాను, ఆల్కలైన్ అయొడైడ్ వేశాను, మూత పెట్టి తిరగేశాను, లోపల గోధుమరంగు ముద్దలా కట్టి మెల్లగా అడుక్కి దిగింది. ఈ రంగు ఉంటే నీళ్ళలో చేపకి గాలి ఉన్నట్టు, తెల్లగా వస్తే లేనట్టు అని చెప్పాను. ఆయన సీసాని ఎండకి ఎత్తి చాలాసేపు చూసి, "మరయితే ఆ మూల తియ్యమ్మా, ఎండాకాలం అక్కడ సేప సచ్చి తేలతది" అన్నాడు.

నా మ్యాప్‌లో ఆ మూల లేనే లేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి తీశాం, జూనియర్ అమ్మాయి సీసా పట్టుకుంది, ముద్ద దాదాపు తెల్లగా వచ్చింది. ఫైల్‌లో దాన్ని ఎనిమిదో స్టేషన్, అంటే శాంపిల్ తీసే ఎనిమిదో చోటు, అని చేర్చి, హార్బర్ బోటాయన చెప్తే తీసింది అని పక్క గడిలో రాశాను. ఆ అమ్మాయికి ఫైల్ లింక్ పంపించాను, ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇమ్మని.