ముక్తినాథ్ యాత్ర: కాలి గండకీలో సాలగ్రామం దొరికిన వైనం

నేపాల్‌లోని ముక్తినాథుడి దర్శనానికి వెళ్ళేవాళ్ళు చాలామంది జోమ్‌సోమ్‌లో జీపెక్కి నేరుగా ఆలయం కిందనున్న రాణీపౌవా ఊళ్ళో దిగుతారు. 108 ధారల కింద తడిసి అదే పూట వెనక్కి తిరుగుతారు. దారిలో గండకీ ఒడ్డునున్న కాగ్‌బేనీలో ఒక రాత్రి ఆగకపోతే ఈ యాత్ర సగమే అయినట్టు. ఎత్తు ఒక కారణం. జోమ్‌సోమ్ 2,700 మీటర్ల పైచిలుకు, ఆలయం 3,710 మీటర్లు. ఒక్క ఊపున ఎక్కితే తలనొప్పి, వాంతులు పట్టుకుంటాయి, దర్శనం మీద మనసు నిలవదు. అంతకంటే పెద్ద కారణం గండకీ నది. పూజామందిరంలోకి నదిలో దొరికిన సాలగ్రామమే కావాలని మొక్కుకుని వెళ్ళాం. స్వామి కరుణించాడు. ఆ సంతోషం ఇంకా పచ్చిగా ఉండగానే, వెతకబోయేవాళ్ళకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

వానాకాలంలో వెళ్ళొద్దు. నది పొంగి ఒడ్డు మొత్తం బురదనీటి కింద ఉంటుంది. మార్చి నుంచి మే దాకా, మళ్ళీ అక్టోబరు, నవంబరు మంచి రోజులు. పొద్దున్నే దిగాలి. ఎండెక్కితే పైన మంచు కరిగి మధ్యాహ్నానికి నీళ్ళు పెరుగుతాయి. దానికి తోడు ఆ లోయలో గాలి. పదకొండు దాటాక ఇసుక కళ్ళల్లో కొట్టి నిలబడనివ్వదు. జోమ్‌సోమ్ విమానాలన్నీ పొద్దుటిపూటే తిరగడానికి కారణం కూడా ఆ గాలే.

కాగ్‌బేనీలో ఝోంగ్ ఖోలా అనే వాగు వచ్చి కాలి గండకీలో కలిసేచోట, పితృదేవతలకి పిండాలు పెట్టే రేవుకి కాస్త ఎగువన, గులకరాళ్ళ మేటలున్నాయి. అక్కడ వెయ్యి నల్లరాళ్ళు కనిపిస్తాయి. అందులో ఏది సాలగ్రామం? మేకల్ని నీళ్ళకి తోలుకొచ్చిన ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి దగ్గరికొచ్చింది. "బాబూ, పొడిగా ఉంటే అన్నీ నల్లరాళ్ళే. తడిపి చూడు" అంది హిందీలో. ఎముకలు కొరికే ఆ నీళ్ళలో చీలమండల దాకా దిగి ఒక రాయి తీసింది. కోడిగుడ్డుకంటే కొంచెం పెద్దది, చూపుకి తోచినదానికంటే బరువు. బొటనవేలితో బురద తుడిచి అంచు చూపించింది. నడుము చుట్టూ సన్నటి గీత, ఒకచోట చిన్న నోరు, ఆ నోట్లో వరసగా మెరక పల్లాలు. అవే చక్రం తాలూకు పక్కటెముకలు. తెల్లటి చారలు అడ్డదిడ్డంగా పాకి, నడుం గీత లేని నల్లరాయి ఉత్త సున్నపురాయి, పక్కన పెట్టెయ్యమంది. "దిదీ, ఇది ఉంచుకోండి" అని డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. నది ఇచ్చినదానికి డబ్బేమిటని ఆ రాయి మా చేతిలోనే పెట్టింది.

ఆ నోట్లో కనిపించేది అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజం. జురాసిక్ యుగం చివర్లో, అంటే సుమారు 15 కోట్ల సంవత్సరాల కిందట, ఇక్కడ టెథిస్ సముద్రం ఉండేది. మెలికల గవ్వలో ఉండే ఈ జీవి చివరి గదిలోనే కాపురం చేసేది. వెనక గదుల్లో వాయువు నింపుకుని తేలేది, గదులన్నిటినీ కలుపుతూ ఒక సన్నటి గొట్టం. చచ్చి బురదలో పడ్డాక దాని చుట్టూ ఖనిజాలు పేరుకుని గట్టి ముద్ద కట్టింది. భారత ఫలకం వెళ్ళి ఆసియాని ఢీకొన్నాక సముద్రపు అడుగు కొండయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు స్పితి షేల్ అనే ఆ నల్లటి మట్టిరాయి వానకీ మంచుకీ పొరలుగా రాలిపోతుంది, లోపలి ముద్ద రాలదు. దొర్లుతూ వాగుల్లోంచి గండకీలోకి వస్తుంది. వజ్రకీటం లోపల తొలిచి చక్రాలు చెక్కిందని పెద్దలు చెప్పినదీ, గవ్వలో గదులు కట్టుకున్న ఆ జీవీ నాకు వేరువేరుగా కనిపించవు.

సుత్తితో అంచు మీద కొడితే ముద్ద గవ్వ వెంబడే రెండుగా విడుతుంది. ఒక సగంలో చక్రం, రెండోదాంట్లో దాని అచ్చు. దెబ్బ పక్కకి పడితే చక్రం ముక్కలైపోతుంది. పూజకైతే అసలు పగలగొట్టకూడదని నా గట్టి అభిప్రాయం. దుకాణాల్లో కొనేవాళ్ళు జాగ్రత్త. నిజమైన చక్రంలో గట్లు లోపల సన్నగా మొదలై బయటికి వెడల్పవుతాయి, చాలావాటిలో అంచు దగ్గర రెండుగా చీలతాయి. చెక్కినదాంట్లో గాట్లన్నీ ఒకే లోతు, అడుగున ఉలి గీతలు. అచ్చుపోసిన సిమెంటు తేలిగ్గా ఉండి సన్నటి గాలిబొక్కలు కనిపిస్తాయి. అతికించినదాంట్లో నడుం గీత దగ్గర జిగురు మెరుస్తుంది. ఇదంతా అన్నపూర్ణ పరిరక్షణ ప్రాంతం కాబట్టి ఏం తీసుకెళ్ళవచ్చో చెక్‌పోస్టులో అడగండి. కాగ్‌బేనీ దాటి ఎగువ ముస్తాంగ్‌లోకి వెళ్ళాలంటే వేరే అనుమతి ఉండాలి.

మర్నాడు ఆలయం. ధారల దగ్గర తోపులాట చూస్తే బాధేసింది. ఒక్కో గోముఖం కింద ఆగి వీడియోలు తీసుకుంటుంటే వెనక తడిబట్టలతో ముసలివాళ్ళు వణుకుతున్నారు. నాచు పట్టిన బండల మీద తోసుకుంటే నడుములు విరుగుతాయి. ఆగకుండా నడిచి, రెండు కుండాల్లో మునిగి, వెంటనే పొడిబట్ట కట్టుకోవాలి. గర్భగుడి ముందు నిలబడింది నాలుగు క్షణాలే. శ్రీదేవి భూదేవుల మధ్య స్వామి, ఆ పెద్ద కళ్ళు. వెనకవాళ్ళు నెడుతున్నా ఆ చూపు నన్ను వదల్లేదు. మూటలోని సాలగ్రామాన్ని రెండు చేతులతో పైకెత్తి ఒక్కసారి చూపించాను. దగ్గర్లోనే ఉన్న జ్వాలామాయి గుడిలో రాతి సందున వెలిగే జ్వాలకి దణ్ణం పెట్టుకుని దిగాం.

ఇంటికి తెచ్చాక ప్రతిష్ఠ అక్కర్లేదు, నిత్యాభిషేకం, తులసి దళం చాలు. కానీ చాలా సాలగ్రామాల్లో బంగారంలా మెరిసే పైరైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. తేమ తగులుతూ ఉంటే అది పాడై ఆమ్లం పుట్టి, తెల్లటి పొడి రాలి, రాయి పగుళ్ళిస్తుంది. చింతపండు, నిమ్మరసం పెట్టి తోమకండి, లోపలి కాల్సైట్ అనే సున్నపు ఖనిజాన్ని తినేస్తాయి. పంచామృతంతో చేసినరోజు పెరుగు, తేనె ఆ చిన్న నోట్లో ఉండిపోకుండా మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, మెత్తటి నూలుబట్టతో ఒత్తి, నోరు కిందికి వచ్చేలా కాసేపు ఆరనిచ్చి, తర్వాతే పెట్టెలో పెట్టండి.