డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 71 నుంచి 205కి, బాస్ మాత్రం అక్కడే

హన్మకొండలో పది బై పది గదికి ఎల్‌ఎమ్3886 ఐసీతో కట్టిన ఆంప్. కంప్లయింటు ఒక్కటే: కిక్ డ్రమ్ము ఆగాక కూడా మోత మిగులుతోంది. కోన్ ఊగకుండా ఆంప్ ఎంత గట్టిగా పట్టగలదో చెప్పే అంకె డ్యాంపింగ్ ఫ్యాక్టర్: స్పీకరు ఓమ్‌లని ఆంప్ ఔట్‌పుట్ రెసిస్టెన్స్‌తో భాగిస్తే వస్తుంది. ముందు ఆంప్ సంగతి తేలాలి.

కొలత: ఫోన్ నుంచి 100 హెర్ట్జ్ సైన్ టోన్. 50 పెడితే కరెంటు హమ్ కలిసిపోతుంది, మరీ పైకి పోతే మామూలు మల్టీమీటరు ఏసీ రీడింగు నమ్మలేం. లోడు లేకుండా 4.000 వోల్టులు. 8.2 ఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ తగిలిస్తే 3.946. తేడాని 3.946తో భాగించి 8.2తో గుణిస్తే ఔట్‌పుట్ రెసిస్టెన్స్ 0.112 ఓమ్, 8 ఓమ్ స్పీకరు లెక్కన డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 71. మీటరు పిన్నులు ఆంప్ టెర్మినల్ మీదే ఉండాలి. రెసిస్టర్ కాళ్ల మీద పెడితే క్లిప్పుల రెసిస్టెన్స్ కూడా ఆంప్ ఖాతాలోనే పడుతుంది.

అదే కొలత బోర్డు మీద, ఫీడ్‌బ్యాక్ (ఐసీ తన ఔట్‌పుట్‌ని చూసుకుని సరిదిద్దుకునే దారి) తీసుకునే చోట చేస్తే 3.998. అంటే ఐసీ తప్పేం లేదు. ఫీడ్‌బ్యాక్‌కి బయటున్న ప్రొటెక్షన్ రిలే (తేడా వస్తే స్పీకరుని విడదీసే స్విచ్చు) కాంటాక్టులు నల్లబడ్డాయి. 10 ఆంపియర్ల రిలే, లావు వైరు వేశాక టెర్మినల్ దగ్గర 3.981, అంటే 0.039 ఓమ్. 8 ఓమ్ లెక్కన డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 205.

వింటే తేడా లేదు, ఉండదు కూడా. కోన్ కదిలినప్పుడు వాయిస్ కాయిల్‌లో పుట్టే కరెంటు సర్క్యూట్ మొత్తం తిరిగొస్తేనే బ్రేకు పడుతుంది. ఆ దారిలో కాయిల్ సొంత రెసిస్టెన్సే 5.6 ఓమ్. క్రాసోవర్ (బాస్, ట్రెబుల్ విడదీసే సర్క్యూట్) కాయిల్ 0.4, అర స్క్వేర్ (చదరపు మిల్లీమీటరు) వైరు 5 మీటర్లు రానూపోనూ 0.34. కోన్ ఎంతసేపు ఊగుతుందో చెప్పే అంకె క్యూ, తక్కువైతే త్వరగా ఆగుతుంది. ఈ వూఫర్‌కి, అంటే బాస్ స్పీకరుకి (కరెంటు బ్రేకు వైపు క్యూఈఎస్ 0.45, మెకానికల్ వైపు క్యూఎమ్‌ఎస్ 4) మొత్తం క్యూ రిలే మార్చకముందు 0.459, మార్చాక 0.454. వైరు 2.5 స్క్వేర్‌కి మారిస్తే 0.437. రిలే కంటే వైరే నయం, అదీ కొద్దిగా.

(బతుకమ్మకు పెట్టే బాక్సులది వేరే లెక్క. 1 స్క్వేర్ రాగి వైరు 20 మీటర్లు లాగితే 0.69 ఓమ్. 4 ఓమ్ లోడుకి ఎంత ఖరీదైన ఆంప్ పెట్టినా బాక్సు దగ్గర ఫ్యాక్టర్ 6 దాటదు.)

మిగిలిన మోత గదిది. పది అడుగుల గోడల మధ్య మొదటి మోడ్ (గది తనంతట తాను మోగే ఫ్రీక్వెన్సీ) దాదాపు 56 హెర్ట్జ్, పొడవు వెడల్పు ఒకటే కాబట్టి రెండూ ఒకేచోట పడతాయి. దాన్ని ఏ ఆంపూ ఆపలేదు. బాక్సుని మూల నుంచి రెండడుగులు జరిపి మళ్లీ కొలవాలి.