మ్యాగజైన్ ఎప్పుడు మారుస్తాడు?

పశువుల పండగ మరుసటి రోజు ఇంటిల్లిపాదీ చంద్రగిరి నుంచి తిరుపతికి వెళ్ళి కొత్త సినిమా చూశాం. ఇంటర్వెల్‌కు ముందు పెద్ద ఫైటు. హీరో చేతిలో 9 ఎంఎం పిస్టల్. మొదటి చప్పుడు వినగానే నా వేళ్ళు వాటంతట అవే మడతపడటం మొదలుపెట్టాయి. మన సైన్యంలో వాడే 9 ఎంఎం పిస్టల్ మ్యాగజైన్‌లో, అంటే తూటాలు పేర్చే డబ్బాలో, 13 రౌండ్లు పడతాయి. ఇక్కడ 13 అయిపోయాయి, 20 అయిపోయాయి. 34 దాకా లెక్కపెట్టి వదిలేశాను. పక్కన కూర్చున్న మా అక్క కొడుకు తెర వదిలేసి నా చేతుల వైపే చూస్తున్నాడు.

"ఏం మామా, బాగలేదా?"

"వీడు మ్యాగజైన్ ఎప్పుడు మారుస్తాడురా?"

వాడు నవ్వలేదు. "ఆ సంగతే నాకు చెప్పు మామా. నేను తీయబోయే షార్ట్ ఫిలింలో తుపాకీ సీను ఉండాది. చూసినోళ్ళకి అబద్ధం అనిపించకూడదు" అన్నాడు.

నేను సైన్యంలో 22 ఏళ్ళు ఆర్మరర్‌గా పనిచేశాను. తుపాకీ కాల్చేవాళ్ళు వేరు, దాన్ని బాగుచేసేవాళ్ళు వేరు. సైన్యం యంత్రాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ విభాగం వాళ్ళ సికింద్రాబాద్ సెంటర్‌లో పని నేర్చుకున్నప్పటి నుంచి హవల్దారుగా రిటైరయ్యేదాకా నా బెంచీ మీదికి వచ్చినవన్నీ ఆగిపోయిన తుపాకులే. ఒకదానికి స్ప్రింగు సాగిపోయి ఉంటుంది. ఇంకొకదానికి మ్యాగజైన్ పెదవులు, అంటే పై అంచులు, వంగిపోయి రౌండు అడ్డం తిరుగుతుంది. పాత ఎస్ఎల్ఆర్ రైఫిల్‌లో గ్యాస్ రెగ్యులేటర్ సరిగా పెట్టుకోకపోతే కాల్చిన గుల్ల బయటికి పోకుండా మధ్యలోనే ఇరుక్కునేది. అందుకని నా కంటికి తుపాకీ ముందుగా ఒక యంత్రం. ఇంట్లో గ్రైండరు, పొలంలో మోటారు ఎట్లాగో అదీ అట్లాగే. వేడెక్కుతుంది, మొరాయిస్తుంది, నూనె అడుగుతుంది, తిండి అయిపోతే ఆగిపోతుంది. హీరో బలం మీద నాకు ఏ పేచీ లేదు. ఒక్కడు యాభై మందిని కొట్టినా నేను విజిల్ వేస్తాను. కానీ వాడి చేతిలో ఉన్నది యంత్రమని తీసేవాళ్ళు మరచిపోతే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే భయమంతా అక్కడే ఉంది.

రెండు ఆదివారాలు మిద్దె మీద కూర్చుని వాడికి చెప్పాను. ఏకే-47 వేగం నిమిషానికి దాదాపు 600 రౌండ్లు. మ్యాగజైన్‌లో ఉండేది 30. అంటే వేలు నొక్కిపట్టి "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవింద" అని ఒక్కసారి అనేలోపు మొత్తం ఖాళీ. సినిమాలో అదే తుపాకీ పాట పల్లవంత సేపు మోగుతూనే ఉంటుంది. ఖాళీ అయిన పిస్టల్‌ను హీరో క్లిక్, క్లిక్, క్లిక్ అని నొక్కడం ఇంకొకటి. మన 9 ఎంఎం పిస్టల్‌లో ఆఖరి రౌండు పోగానే స్లయిడ్ వెనక్కి పోయి అక్కడే నిలబడిపోతుంది. పై భాగం వెనక్కి జరిగి, గొట్టం కొస బయటికి పొడుచుకుని వస్తుంది. ఎదుటివాడికి కూడా తెలిసిపోతుంది ఖాళీ అని. అట్లా స్లయిడ్ తెరుచుకుని ఉన్న పిస్టల్‌నే కణతకు పెట్టి విలన్ అర నిమిషం డైలాగు చెప్పడం ఎన్నిసార్లు చూశానో. బెదిరించిన ప్రతిసారీ స్లయిడ్ లాగి వదిలి మళ్ళీ కాక్ చేస్తారు చూడండి, అదీ అంతే. లోపల రౌండు ఉన్నప్పుడు మళ్ళీ లాగితే ఆ బతికున్న రౌండు నేల మీద పడాలి.

మిగతావి తొందరగా చెప్పేశాను. గుండు తగిలిన మనిషి గాల్లో ఎగిరి గోడకు కొట్టుకోడు. మన సైన్యం ఇన్సాస్ రైఫిల్ గుండు బరువు నాలుగు గ్రాములు. అది మనిషిని ఎగరగొట్టేటట్టయితే కాల్చినవాడు కూడా అంతే దూరం వెనక్కి పడాలి. కారు తలుపు గుండును ఆపదు, ఇంజను ఆపుతుంది. సైలెన్సర్ పెట్టినా చప్పుడు తగ్గుతుందే గానీ దగ్గినట్టు మాత్రం వినిపించదు. 300 మీటర్ల దూరం నుంచి మన వైపు కాలిస్తే ముందు గుండు పక్కనుంచి పోయిన చిటపట, అర సెకను ఆగి తుపాకీ మోత వినిపిస్తాయి. ఆ అర సెకను తేడాతోనే వాడెంత దూరంలో ఉన్నాడో అంచనా వేసేవాళ్ళం.

ఖోఖాల సంగతి మాత్రం వాడికి తీరిగ్గా చెప్పాను. ఖోఖా అంటే గుండు పోయాక మిగిలే ఇత్తడి గుల్ల. రేంజిలో ఫైరింగ్ అయ్యాక ఎన్ని రౌండ్లు తీసుకున్నామో అన్ని ఖోఖాలు ఏరి లెక్క అప్పజెప్పాలి. ఒకసారి అస్సాంలో ఒక్కటి తక్కువైంది. ముసురు. పది మందిమి మోకాళ్ళ మీద వంగి తడి గడ్డిలో చేతులతో తడుముతూ చీకటి పడేదాకా వెతికాం. చివరికి అది ఒక కుర్రాడి రెయిన్ కేప్ టోపీలో దొరికింది. పక్కవాడి రైఫిల్ నుంచి ఎగిరి అందులో పడింది. ఒంటికి తగలలేదు కాబట్టి వాడికి తెలియలేదు. వేడి ఖోఖా కాలర్‌లోకి జారితే ఎట్లా ఉంటుందో నా మెడ వెనక మచ్చ చెబుతుంది. మరి తెర మీద రెండు వందల రౌండ్లు కాల్చిన గోడౌన్‌లో హీరో నడిచి వెళుతుంటే కాలి కింద ఒక్క గుల్ల కూడా దొర్లదు. నేల తుడిచి పెట్టినట్టు ఉంటుంది.

మావాడు ఒక రాత్రి లాప్‌టాప్‌లో "హీట్" చూపించాడు. 1995లో మైకేల్ మాన్ తీసింది. బ్యాంకు దోపిడీ తర్వాత లాస్ ఏంజెలెస్ నడివీధిలో కాల్పులు. నేను లేచి కూర్చున్నాను. ఒకడు కాలుస్తుంటే ఇంకొకడు కదులుతున్నాడు. మ్యాగజైన్ అయిపోతే చూడకుండా తీసి, చూడకుండా పెడుతున్నాడు. బ్రిటిష్ సైన్యం కమాండో దళం ఎస్ఏఎస్‌లో పనిచేసిన ఆండీ మెక్‌నాబ్ ఆ నటులకు శిక్షణ ఇచ్చాడని మావాడు చెప్పాడు. వీధిలో రికార్డు చేసిన మోతనే ఉంచేశారట. మేడల గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చే ఆ ప్రతిధ్వని స్టూడియోలో పుట్టదు. సినిమా వచ్చిన ఏడాది దాటాక, 1997 ఫిబ్రవరి 28న, అదే ఊళ్ళోని నార్త్ హాలీవుడ్‌లో నిజంగానే అట్లాంటిది జరిగింది. ఒంటినిండా కవచాలు తొడుక్కున్న ఇద్దరు దొంగలు, వాళ్ళ చేతుల్లో ఆటోమేటిక్ రైఫిళ్ళు. దాదాపు 44 నిమిషాలు, రెండు వైపులా కలిపి 2000 రౌండ్ల దాకా. చాలామంది గాయపడ్డారు గానీ చనిపోయింది ఆ దొంగలిద్దరే. నిజంలో గుండు అంత సులభంగా మనిషిని వెతుక్కోదు. చేతులు వణుకుతాయి, కళ్ళు మూసుకుపోతాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటుంది.

షూటింగ్ చంద్రగిరి శివార్లలో మూతబడిన వేరుశనగ నూనె మిల్లులో. ఓనరు తెలిసినాయన. తాకట్టు కొట్టు కాపలా కాసే కుర్రాడు, రాత్రిపూట తలుపు పగలగొట్టి వచ్చే ఇద్దరు. అంతే కథ. నిజం తుపాకీ గానీ, గుండు లేకుండా మోత మాత్రమే చేసే బ్లాంకులు గానీ దరిదాపుల్లో ఉండకూడదని మొదటే చెప్పాను. 2021 అక్టోబరు 21న అమెరికాలోని న్యూ మెక్సికోలో సినిమా షూటింగ్‌లో రివాల్వర్‌లోకి నిజం రౌండు చేరింది. అది పేలి కెమెరా పని చేసే హలీనా హచిన్స్ అనే ఆమె చనిపోయింది. ఆ సెట్టులో తుపాకులు చూసుకునే మనిషికి శిక్ష పడింది. ఆ మనిషి ఉద్యోగం పేరు కూడా ఆర్మరరే. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఒక్క రౌండు, ఒక్కసారి తెరిచి చూడకపోవడం.

అందుకని వడ్రంగి దగ్గర కొయ్యతో రైఫిల్ చేయించి, లోపల ఇనప కడ్డీ వేయించాను. తూకం వేస్తే 4 కిలోల 200 గ్రాములు వచ్చింది. మ్యాగజైన్ నేనే రేకుతో చేశాను. పోలీస్ స్టేషన్‌లో, చుట్టుపక్కల ఇళ్ళల్లో ముందే చెప్పి పెట్టాం. కాపలావాడి వేషం వేసిన డిగ్రీ కుర్రాడు మొదట సినిమా హీరో లాగా ఒంటిచేత్తో ఎత్తి పట్టుకున్నాడు. నిమిషం తిరక్కుండానే గొట్టం కిందికి వాలిపోయింది. "బరువు దాచొద్దు నాయనా, కనపడనీ" అన్నాను. అప్పటినుంచి వాడు దాన్ని భుజానికి ఆనించి, మోచెయ్యి పక్కటెముకలకు చేర్చి పట్టుకోవడం నేర్చుకున్నాడు.

తర్వాత మోత. మిల్లు అవతలి మూలన లక్ష్మీ బాంబు పెట్టించాను. పేలుతుందని చెప్పాం గానీ ఎప్పుడు పేలుతుందో కుర్రాడికి చెప్పలేదు. రేకుల కప్పు అదిరింది, పావురాలన్నీ లేచిపోయాయి. కుర్రాడి భుజాలు చెవుల దాకా వచ్చేశాయి. మావాడు ఏదో చెబుతుంటే "ఏందీ? ఏందన్నా?" అని అరుస్తున్నాడు. నాలుగు గోడల మధ్య నిజం తుపాకీ పేలితే ఇంతకు ఎన్నో రెట్లు, ఆ తర్వాత ఎవరి మాటా ఎవరికీ వినపడదని చెప్పాను. మావాడు కాగితం తీసి, మొదటి రౌండు తర్వాత రాసుకున్న నాలుగు డైలాగులూ అక్కడికక్కడే కొట్టేశాడు.

సీను మొత్తానికి ఐదు రౌండ్లే. మూడో రౌండుకు తుపాకీ ఆగిపోవాలన్నది నా మాట. మ్యాగజైన్ తీసి, మళ్ళీ పెట్టి, అరచేత్తో కొట్టి, కాక్ చేసి, మళ్ళీ భుజానికి. మా మిద్దె మీద కుర్రాడి చేత నలభై సార్లు చేయించాను. తొందరపడకు, చేతులకు వదిలెయ్యి, కళ్ళు తలుపు మీద ఉంచు అని ప్రతిసారీ చెప్పాను.

తీరా కెమెరా తిరుగుతుంటే చెమటకు వేళ్ళు జారి మ్యాగజైన్ సిమెంటు నేల మీద పడింది. టంగుమని మోగి, జారుకుంటూ పోయి పాత యంత్రం కింద ఆగింది. అది స్క్రిప్టులో లేదు. మావాడు కట్ చెప్పలేదు. కుర్రాడు బోర్లా పడుకుని, చెయ్యి యంత్రం కిందికి పెట్టి దుమ్ములో తడుముతున్నాడు. కళ్ళు మాత్రం తలుపు మీదే ఉన్నాయి. తలుపు అవతల అడుగుల చప్పుడు. వేళ్ళకు రేకు తగిలింది, లాగాడు, తిరగేసి పెట్టబోయాడు, పట్టలేదు, మళ్ళీ తిప్పాడు.

మా అక్క టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నా వెనకే నిలబడి ఉంది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి.

"తొందరగా పెట్టు నాయనా" అంది, ఊపిరి బిగబట్టి.