పందిరి మంచానికి మేకు కొట్టకుండా: మా కుట్టుగది కథ

మొత్తానికి కుట్టుగది తయారైంది. అమలాపురం దగ్గర పల్లెటూరు మాది. ఇంటి వెనక ధాన్యం బస్తాలు వేసుకునే కొట్టుగది చాలాకాలంగా ఖాళీగానే ఉంది. అందులో కుట్టుమెషిన్ పెట్టుకుని, గుడ్డముక్కలు అతికి బొంతలు కుట్టుకుంటానంటే మా ఆయన సరేనన్నారు గానీ, బల్లలకీ బీరువాలకీ పైసా ఇవ్వనన్నారు. అందుకని ఇంట్లో మూలపడ్డ సామానుతోనే సర్దుకున్నాను. ఒక్క పందిరి మంచం దగ్గర తప్ప ఎక్కడా పెద్ద ఇబ్బంది పడలేదు. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను, తర్వాతైతే మర్యాద అడ్డొస్తుంది.

ముందు తేలిగ్గా అయిపోయినవి. పాత పోపుల డబ్బాలో హుక్కులు, గుండీలు, బాబిన్లు పెట్టాను. బాగా తోమి ఎండలో పెట్టకపోతే తెల్ల దారానికి పసుపు అంటుకుంటుంది. వంటింట్లోంచి తీసేసిన స్టీలు స్టాండులో కంచాల వరసల్లో మడతపెట్టిన గుడ్డలు, గ్లాసుల కొక్కేలకు కత్తెర్లు. అరిగిపోయిన సబ్బు ముక్కలు గుర్తులు పెట్టుకోవడానికి. పాడైపోయిన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం, కిందపడ్డ గుండుసూదులు ఏరడానికి.

ముక్కలు కోసుకునే అచ్చులకు మావయ్యగారి మోకాలి ఎక్స్‌రేలు పనికొచ్చాయి. అట్టతో చేసిన అచ్చు నాలుగు ముక్కలు గీసేసరికి అంచు అరిగిపోతుంది, ఎక్స్‌రే ఫిల్ము అరగదు. పైగా అందులోంచి గుడ్డ కనిపిస్తుంది కాబట్టి పువ్వు సరిగ్గా మధ్యకొచ్చేలా పెట్టుకోవచ్చు. చుట్టూ కుట్టుకోసం పావంగుళం వదలడం మర్చిపోకండి.

డైనింగ్ టేబుల్ ఎత్తు 30 అంగుళాలు. నిలబడి కత్తిరిస్తే నడుం పోతుంది, కనీసం 36 ఉండాలి. 2022 జులై వరదలప్పుడు మంచాలు ఎత్తు పెట్టిన కొబ్బరి దుంగ ముక్కలు పెరట్లో ఉంటే వాటికి వేపనూనె పట్టించి టేబుల్ కాళ్ళ కింద పెట్టాను. గోడకి పాత ఉన్ని రగ్గు కొట్టాను. నూలు ముక్కలు దానికి వాటంతటవే అతుక్కుని నిలుస్తాయి, దూరంగా నిలబడి ఏ రంగు పక్కన ఏది బాగుందో చూసుకోవచ్చు.

ఈ లంక గాలికి సూదులు తుప్పు పడతాయని అందరూ ఏడుస్తారు. దువ్వెనకొచ్చిన చిక్కు వెంట్రుకల్ని స్టీలు సామాన్లవాడికి వేసే బదులు చిన్న సంచిలో కుక్కి, సూదులు గుచ్చే దిండు చేసుకోండి. జుట్టులోని జిడ్డు సూదిని కాపాడుతుంది. ఇది మా అమ్మ చిట్కా, నాది కాదు.

ఇక మంచం సంగతి.

బొంతకి మూడు పొరలు: పైన అతుకుల గుడ్డ, మధ్యలో పాత నూలు చీరలు, కింద అడుగుగుడ్డ. అమ్మమ్మల కాలంలో చాప మీద పరిచి, నాలుగు మూలలా సన్నికల్లు, పొత్రం, ఏది దొరికితే అది బరువు పెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ టాకాలు వేసేవాళ్ళు. నా మోకాళ్ళు ఆ పనికి రావు. పైగా ఎంత లాగి పరిచినా అడుగుపొర ముడత పడుతుంది, బొంత తిరగేసేదాకా తెలియదు. దాన్ని బిగించి ఉంచే చట్రం కావాలి. ఎదురెదురుగా రెండు కర్రలు, ఒకదాని మీద కుట్టాల్సింది, రెండోదాని మీద కుట్టేసింది చుట్టుకుంటూ పోవాలి.

పశువుల పాకలో మా అత్తవారి పాత పందిరి మంచం ఉంది. టేకుది. నాలుగు స్తంభాలూ గట్టిగానే ఉన్నాయి, పైన కొబ్బరి మట్టలు, కింద కోళ్ళగంప. అత్తయ్యగారిని అడిగితే "తీసుకోమ్మా, ఎలుకలు కొడుతున్నాయి" అన్నారు. కడిగి చూస్తే చట్రానికి కావలసినవన్నీ దానికే ఉన్నాయి. స్తంభాలకి బెజ్జాలు వేసి కర్రలు దూర్చడమే మిగిలింది.

వడ్రంగి మేస్త్రిని పిలిచి ₹1,500 అడ్వాన్సు ఇచ్చాను. ఆయన మంచం చుట్టూ తిరిగి, "మంచం మీద బొంత వేస్తారు గానీ బొంత కోసం మంచం వేస్తారేంటండీ అమ్మగారూ?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అక్కణ్ణించి తిన్నగా టీకొట్టుకి వెళ్ళి మా ఇంట్లో పందిరి మంచం కోసేస్తున్నారని చెప్పాడు. ఆ మాట కాకినాడలో ఉన్న మా పెద్ద వదినగారి చెవిన పడేసరికి, మంచం అమ్మేస్తున్నట్టు అయింది.

సరిగ్గా మేస్త్రి డ్రిల్లు చేత్తో పట్టుకున్న వేళకి ఆవిడ ఆటో దిగారు. లోపలికి రాలేదు. వీధి అరుగు మీదే కూర్చుని, ఎదురింటివాళ్ళకి కూడా వినపడేలా మొదలుపెట్టారు.

"మా నాయనమ్మ కాపరానికొచ్చిన మంచమే అది. మా నాన్న పుట్టింది దాని మీదే. దానికి బెజ్జాలు పొడుస్తావా?"

"అత్తయ్యగారిని అడిగే తీసుకున్నానండీ వదినా."

"అమ్మకేం తెలుసు? నీ పుట్టింటినుంచి తెచ్చుకున్న సామాను ఏదైనా ఉంటే దాన్ని కోసుకో. మా ఇంట్లో పాతగుడ్డల కొట్టు పెడతానంటే ఒప్పుకునేది లేదు."

నేను అత్తయ్యగారి వైపు చూశాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తలేదు. మా ఆయన ఫోనులో ఏదో అర్జెంటు పని వచ్చినట్టు పెరట్లోకి వెళ్ళిపోయారు. మేస్త్రి అయితే, "నాకేం తెలుసండీ, ఈ అమ్మగారే చెయ్యమన్నారు" అని డ్రిల్లు సంచిలో పెట్టేసుకున్నాడు. ఎదురింటావిడ వాకిట్లో ముగ్గు వేస్తున్నారు, మధ్యాహ్నం పన్నెండింటికి! ఇన్నేళ్ళ కాపరంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. కోళ్ళు ఆ మంచం మీద రెట్టలేసినన్నాళ్ళూ ఎవరికీ నాయనమ్మ గుర్తు రాలేదు, నేను కడిగి తుడిచాక వచ్చింది. ఈ మాట అక్కడ అనలేకపోయాను, అందుకే ఇక్కడ అంటున్నాను.

సాయంత్రానికి రాజీ కుదిరింది. మంచం వాడుకోవచ్చు, కానీ ఒక్క మేకు గానీ ఒక్క బెజ్జం గానీ పడకూడదు.

పాతగుడ్డలన్న మాట మాత్రం నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. నరసాపురం లేసు అల్లికకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వస్తే అందరం గర్వపడ్డాం. అదీ ఆడవాళ్ళు ఇంటి అరుగు మీద కూర్చుని చేసిన పనే. బొంత అనేసరికి మాత్రం బీదతనం అంటారు. ఆ అన్నవాళ్ళే షాపుకెళ్ళి పాలిస్టర్ దూది కుక్కిన కంఫర్టర్ కొనుక్కుని, మన ఉక్కకి కప్పుకోలేక అటక మీద పెడతారు.

సరే, మేకు లేకుండా ఎలా? ముందు అల్యూమినియం కర్టెన్ రాడ్లు పెట్టాను, బరువుకి మధ్యలో వంగిపోయాయి. వెదురు వంగలేదు గానీ కణుపులు గుడ్డని పట్టేశాయి. చివరికి తీసేసిన బోరు పంపు తాలూకు ఇనుప పైపులు సరిపోయాయి. వాటికి తుప్పు అంటకుండా మావయ్యగారి పాత పంచెలు చుట్టి కుట్టేసి, ఒక అంచు వదులుగా ఉంచాను. బొంతని ఆ అంచుకే టాకా వేస్తాను. అంబాజీపేటనుంచి తెచ్చిన కొబ్బరి తాడుతో నాలుగు స్తంభాలకీ ఉట్టిలాగా కట్టి, వాటిలో పైపులు వేలాడదీశాను. తాడు పీచు గుడ్డకి అంటకుండా దానికీ గుడ్డపీలిక చుట్టాలి.

అంతా బాగుంది గానీ బిగువు నిలవడం లేదు. బొంత లాగి చుట్టి వదిలేస్తే పైపు గిర్రున వెనక్కి తిరిగిపోతుంది. ఇటుకలు వేలాడదీశాను, పైపుకి తాడు చుట్టాను, మా అబ్బాయిని పట్టుకోమన్నాను, వాడు పారిపోయాడు. ఫోనులో చూసిన వీడియోల్లో అన్నీ పళ్ళచక్రాలూ బోల్టులూ ఉన్న ఖరీదైన చట్రాలే.

తర్వాత నాకే తట్టింది, ఈ పని రోజూ చేసేవాళ్ళు బండారులంకలో ఉన్నారు కదా అని. అక్కడ మగ్గం మీద నేసిన బట్ట చుట్టుకునే కర్ర కూడా ఇలా వెనక్కి తిరగాలి, తిరగదు. ఎందుకని? ఒక పెద్దాయన మగ్గం ఆపి మరీ చూపించారు. "చాలా తేలికమ్మా, కర్ర చివర బెజ్జం ఉంది చూడు. అందులో ఊచ దూర్చి, ఊచ కొస తాడుతో కట్టెయ్యడమే." మంచానికే కదా బెజ్జం వద్దన్నది, పైపుకి వద్దనలేదు! వెల్డింగ్ షాపులో రెండు పైపుల చివర్లా అడ్డంగా బెజ్జాలు వేయించాను, ఒక్కోదానికి నాలుగు, ఎటు తిరిగినా ఒకటి చేతికి అందేలా. అందులో పొడుగాటి ఇనుప ఊచ దూర్చి, బొంత బిగిసేదాకా తిప్పి, ఊచ కొసని మంచం పట్టెకి కట్టేస్తాను. ఇప్పుడు బొంత మీద చెయ్యి వేస్తే డప్పులా మోగుతుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు మా ఇంట్లో ముగ్గురున్నారు, ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదని కూడా రాసుకోండి.

మంచం పొడవునా పైపులు వేశాను కాబట్టి ఆరడుగుల వెడల్పు దాకా వస్తుంది. పొడవెంతైనా పర్వాలేదు, చుట్టుకుంటూ పోవడమే. కుర్చీ వేసుకుని రెండు వైపులా ఇద్దరు ఎదురెదురుగా కుట్టొచ్చు. అడుగుపొరలో ఒక్క ముడత లేదు.

మీరెవరైనా మొదలుపెడితే మధ్యపొరకి సింథటిక్ చీరలు వాడకండి, లోపల జారిపోయి ఒక మూలకి చేరతాయి. మెత్తబడిన నూలు చీరలే వాడండి. ఆడపడుచులున్న ఇంట్లో పాత సామాను ముట్టుకునే ముందు మాట తీసుకుంటే సరిపోదు, వాట్సాప్‌లో రాయించుకోండి. వడ్రంగి మేస్త్రికి పని అయ్యేదాకా రూపాయి ఇవ్వకండి. నా ₹1,500 ఇంకా రాలేదు. సంక్రాంతికి ఇస్తానన్నాడు, ఏ సంక్రాంతికో చెప్పలేదు.